ఉడికిన కొమ్ము

మా బావ గంగాదాస్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. కోపం ఒక్కటే కాదు, ఆయన బువ్వ, ఇజ్జత్, పేరు అన్నీ ఆ ముక్కు మీదే ఉన్నాయి. ఆర్మూర్‌లో గంగాదాస్ ఇల్లెక్కడ అని అడిగితే ఏ గంగాదాస్ అంటారు. ముక్కు గంగాదాస్ అంటే మాత్రం వెంట వచ్చి చూపిస్తారు. రైతుల పసుపు అమ్మిపెట్టే దేవయ్య సేటు అడ్తి దుకాణంలో ముప్పై ఎనిమిదేండ్లుగా ఆయన చేసే పని ఒకటే. రైతు పోసిన పసుపు కుప్పలోంచి పిడికెడు కొమ్ములు తీసి, ఒకటి పుటుక్కున విరిచి, ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకుంటాడు. ఆ తర్వాత చెప్తాడు: ఇది మెండోర నల్లరేగడిలో పండింది, ఉడకడం ఒక పొంగు ఎక్కువైంది, అడుగున పోయినేటి సరుకు రెండు బస్తాలు కలిసింది. రైతు ముఖం మాడిపోతుంది, వ్యాపారి ముఖం వెలిగిపోతుంది. అరవై నాలుగేండ్ల వయసులో ఒక్క పీల్పుతో ఇంత మందిని ఏడిపించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంట్లో సంగతి వేరు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. మా అక్క భాగ్యవ్వ ఆ ముక్కుతో నలభై ఏండ్లుగా వేగుతోంది. ఆయన ఇంకా గల్లీ మలుపు తిరగక ముందే "పాలు మాడబెట్టినవా? పోపుల ఎల్లిగడ్డ ఎక్కువేసినవా?" అని అరుపు వినిపిస్తుంది. అక్క జవాబివ్వదు. గిన్నె గట్టిగా కింద పెడుతుంది, అంతే.

నేను లింబాద్రిని. నందిపేట్‌కూ ఆర్మూర్‌కూ మధ్య షేర్ ఆటో నడుపుతాను. బావను ఆటపట్టించడం బామ్మర్దికి పుట్టుకతో వచ్చిన హక్కు కాబట్టి ఈ కథలో ఆయన మీద నేను వేసే మాటలకు ఎవరూ అడ్డు రావద్దు. అయితే నా మీద పడవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. వాటినీ దాచను.

రెండు వేల ఇరవై ఆగస్టులో కరోనా మొదటిసారి ఆ ఇంటికి వచ్చింది. బావకు జ్వరం నాలుగు రోజులే గానీ ముక్కు ఇరవై రోజులు పోయింది. అది పసుపు వచ్చే కాలం కాదు కనుక బజారులో ఎవరికీ తెలియలేదు. అక్కకు మాత్రం నిజామాబాద్ దవాఖానలో పదకొండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ మా ఇద్దరినీ పక్కకు పిలిచి, షుగర్ ఉంది, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే ఈమె తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు. బావ దవాఖాన మెట్ల మీద కూలబడి, భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకొని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. అక్క నన్ను సంకన వేసుకొని పెంచింది, నా సంగతి చెప్పనే అక్కర్లేదు.

తర్వాతి ఏడు మార్చిలో, ఏప్రిల్‌లో ఇద్దరూ రెండు సూదులూ వేయించుకున్నారు. మే నెలలో బావకు మళ్లీ వచ్చింది. రెండు రోజులు ఒళ్లు నొప్పులు, అంతే. అక్కకు అంటలేదు. అప్పటి నుంచి మా బావ మనిషి మారిపోయాడు. అప్పటిదాకా పసుపు పండితుడు, ఇప్పుడు కరోనా పండితుడు కూడా అయ్యాడు.

రెండు వేల ఇరవై రెండు జనవరి రెండో వారంలో లిదియా దుకాణానికి వచ్చింది. లిదియా మా వాడకట్టు నర్సమ్మ. ఒమిక్రాన్ అనే కొత్త రకం దిగిందని, అరవై దాటినవాళ్లకు మూడో సూది వేయాలని డబ్బా భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆ రోజు నా ఆటోలోనే తిరిగింది.

"గంగాదాస్ కాకా, నీకూ చిన్నమ్మకూ తొమ్మిది నెలలు నిండినయ్. చెయ్యి గిటియ్యి" అంది.

బావ చెయ్యి ఇవ్వలేదు. పోయినేటి కుప్పలోంచి ఒక పసుపు కొమ్ము తీసి ఆమె ముందు ఆడించాడు. "బిడ్డా, పసుపును ఎందుకు ఉడకబెడ్తరో ఎరుకేనా?"

"జల్ది ఎండుతదని."

"ఇంకోటి ఉన్నది. పచ్చి కొమ్మును భూమిల పెడ్తే మొలుస్తది. ఉడికిన కొమ్మును తీస్కపోయి గోదారి ఒడ్డున పెట్టినా మొలవదు. నన్ను రెండు సూదులు ఉడకబెట్టినయ్. రెండుసార్లు గా కరోననే వచ్చి ఉడకబెట్టింది. నాలుగు ఉడుకుల కొమ్మును నేను. నా మీద ఇంక ఏ కరోన మొలవదు."

దుకాణంలో హమాలీలంతా ఒప్పుకున్నారు. దేవయ్య సేటు "వారెవ్వా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట బాగా నచ్చింది. పసుపు ఊర్లో పుట్టినవాడికి అంతకంటే తేలిగ్గా ఎక్కే మాట ఏముంటుంది?

లిదియా తల అడ్డంగా ఊపింది. "ఉడికింది నువ్వు కాకా. మొలిచేటిది నువ్వు గాదు, అది. అది ఏటేటా కొత్త విత్తనమై వస్తున్నది. ఇంకోటి, సూది జోరు కొన్ని నెలలకు తగ్గుతది."

"రానియ్యి. నా ఇంట్ల ఎవ్వలికీ నీ సూది అక్కర లేదు. మీ చిన్నమ్మ గూడ మూడు ఉడుకులది."

ఆ మాటకు నాకు డాక్టర్ చెప్పింది యాదికొచ్చింది. అయినా నోరు మూసుకొని నిలబడ్డాను. ఇది నా మీద పడవలసిన వాటిలో మొదటిది.

లిదియా కోపం మింగుకొని అడిగింది. "సరే కాకా. నీ ముక్కుకు అందని పసుపు రకం ఏదన్న ఉన్నదా?"

"ఇంక పుట్టలే."

"పుడ్తది. మా తమ్ముడు సురేశ్ పసుపు తొవ్వుతున్నడు. రెండు వారాలల్ల ఉడకబెట్టి ఎండబెట్టి పిడికెడు తెస్త. అది ఏ రకమో నువ్వు చెప్తే నీ దిక్కు సూది ఎత్తను. చెప్పకపోతే చెయ్యి ఇయ్యాలె."

"పందెం!" అని బావ మీసం తిప్పాడు. లిదియా అక్కడి నుంచి అక్క బీపీ చూసి వస్తానని ఇంటికి పోయింది. నేను బయట ఆటోలో పది నిమిషాలు కూర్చున్నాను. ఆమె వచ్చేటప్పుడు అక్క ఎడమ భుజాన్ని కుడి చేత్తో పట్టుకొని గడపలో నిలబడి ఉంది. భుజం నొప్పి కాబోలు అనుకున్నాను.

రెండు వారాల్లో బావ సిద్ధాంతం ఆర్మూర్ అంతా పాకింది. చాయ్ హోటల్లో ఎదురైతే ముందు "ఎన్ని ఉడుకులు?" అని అడగడం, తర్వాతే మంచీచెడూ. మూడు ఉడుకులవాళ్లు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకొని కూర్చునేవారు. ఒక్క సూదితో ఆగిపోయిన ఎరువుల దుకాణం పోచన్నకు "పచ్చి కొమ్ము" అని పేరు పెట్టి దూరంగా స్టూలు వేశారు. పాపం, ఆయన చాయ్ గ్లాసును కూడా దూరం నుంచే చేయి చాచి అందించేవారు. నావి మూడు ఉడుకులు, రెండు సూదులూ ఒక రోగమూ. నేను బెంచీ మీదే కూర్చున్నాను. మాస్కులు మెడలోంచి జేబుల్లోకి, జేబుల్లోంచి ఆటో అద్దాలు తుడిచే పనిలోకి దిగాయి.

బావకైతే మాస్కు ముందు నుంచీ పడదు. "ముక్కు మూస్తే నా దుకాణం మూసినట్టే" అనేవాడు.

జనవరి చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం లిదియా, సురేశ్ దుకాణానికి వచ్చారు. మర్నాడు శనివారం దేవయ్య సేటు దుకాణంలో తొలి కుప్ప. తొలి కుప్పకు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఏడు వచ్చిన మొదటి పసుపును బావ ముందుగా వాసన చూస్తాడు. తర్వాత అదే పిడికెడు పక్కవాడికి ఇస్తాడు, వాడు చూసి ఇంకొకడికి, అలా రైతు నుంచి దూరాన్నుంచి వచ్చిన వ్యాపారి దాకా ముక్కు ముక్కుకూ తిరిగి మళ్లీ బావ చేతికి వస్తుంది. అప్పుడు ఆయన "మంచి పంట" అంటాడు. ఆ మాట పడ్డాకే ఆ ఏటి బేరం మొదలవుతుంది. రేపటి పండుగ కోసం దుకాణం కడిగి ఉంది, జనం కూడా బాగానే ఉన్నారు. పందెం సంగతి తెలిసి ఇంకొంత మంది చేరారు.

సురేశ్ గుడ్డ మూట విప్పాడు. బావ ఒక కొమ్ము తీసి విరిచాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ ఒక్క పీల్పుతో తేల్చేవాడు, ఆ రోజు నాలుగు పీల్చాడు. మళ్లీ ఇంకో కొమ్ము విరిచాడు. మంది గొంతులు సవరించుకున్నారు.

"ఎర్ర గుంటూరు" అన్నాడు చివరికి. "మెండోర దిక్కుది. ఉడుకు సరిగ్గ కుదిరింది."

సురేశ్ నేల చూపులు చూశాడు. "కాదు కాకా. కమ్మర్‌పల్లి నుంచి తెచ్చిన కొత్త విత్తనం. ఈ ఏడే పెట్టిన."

అందరూ ముక్కున వేలేసుకున్నారు. లిదియా ముఖంలో గెలుపు కనిపించింది గానీ మాట మెత్తగానే వచ్చింది. "చూసినవా కాకా? రంగు గదే, విరుపు గదే, లోపల జరంత మారింది. నలభై ఏండ్ల నీ ముక్కు పాతదనుకొని తలుపు తీసింది. మన ఒంట్ల గూడ గిట్లనే. సూదులు, రోగాలు కలిసి పాత కరోన మొఖాన్ని మన ఒంటికి చూపెట్టినయ్. దాని మీదుండే ముండ్లను చూసి మన ఒంట్ల కాపలోళ్లు పట్టుకుంటరు. ఒమిక్రాన్ గా ముండ్లను ముప్పై చోట్ల మార్చుకొని వచ్చింది. కాపలోడు ఎవలో కొత్త సుట్టమనుకుంటున్నడు."

"మరి సూది ఎందుకేసినట్టు?" అని ఒక హమాలీ అడిగాడు.

"దర్వాజ కాడోడు మోసపోయినా ఇంట్లోళ్లు మోసపోరు. మొఖం మారినా నడక చూసి పట్టుకుంటరు. అందుకే రోగం వస్తది గని, మునుపటి లెక్క ఊపిరితిత్తుల దాక పోవుడు తక్కువ. ముసలోళ్లకు, షుగర్ ఉన్నోళ్లకు ఇంకో సూది ఏస్తే కాపలోళ్లు మస్తు మంది అయితరు. పదిమందిల ఇద్దరన్న పోల్చుకుంటరు. ఇగ చెయ్యి ఇయ్యి కాకా."

"రేపు తొలి కుప్ప. సూదికి జొరం వస్తే కష్టం. ఎల్లుండి ఏద్దువు" అన్నాడు బావ.

అంతే. అరవలేదు, ఇంకో పిడికెడు తెమ్మనలేదు, విత్తనంలోనే మోసం ఉందని సురేశ్ తాతల దాకా పోలేదు. దేవుడితోనైనా గొడవ పెట్టుకొనే మనిషి ఓడిపోయి ఊరుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు. ఓడిపోయాడన్న సంతోషంలో ఉన్నాను.

ఆ సాయంత్రం బావ నందిపేట్‌లో ఒక రైతుతో మాట్లాడి నా ఆటోలోనే తిరిగి వస్తున్నాడు. ఆటో నిండిపోయాక మంగ ఎక్కబోయింది. మంగ ఎండు చేపలు అమ్ముతుంది. ఆమె గంప ఆటోలోకి రాకముందే దాని వాసన వచ్చి కూర్చుంటుంది. మామూలుగా అయితే బావ ఆటో ఎక్కే ముందే "నిన్న చేపలెక్కినయా ఇండ్ల?" అని అడిగి, అవునంటే నడిచి పోతాడు. అందుకే మంగ ఆయనను చూసి వెనక్కి తగ్గింది.

"రా మంగా, కూసో" అన్నాడు బావ. "జాగ లేకుంటే గంప నా ఒళ్లె పెట్టు."

మంగ భయపడుతూ పెట్టింది. వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఒక పిల్లవాడికి వాంతి వచ్చినట్టయింది. నేను అద్దంలో చూస్తున్నాను. మా బావ చేపల గంపను రెండు చేతులతో పట్టుకొని, పసుపు చేలు చూసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

ఆర్మూర్‌లో అందరూ దిగాక నేను ఆటో పక్కకు ఆపాను. "బావా, ఎన్ని రోజులాయె?"

"ఏంది?"

"ముక్కు పోయి."

"ముక్కు యాడికి పోతది? మొఖం మీదనే ఉన్నది."

"అద్ద గంట సేపు ఎండు చేపలు నీ ఒళ్లె కూసున్నయ్."

ఆయన తన చొక్కా ముక్కుకు ఆనించుకొని పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. "నిన్న పొద్దుగాల సంది" అన్నాడు.

"అంటే ఇయ్యాల పగటీలి సురేశ్ తెచ్చిన పసుపు?"

"ఇసుక తెచ్చి పెట్టినా ఎర్ర గుంటూరే అందును."

నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే అక్క యాదికొచ్చి ఒళ్లు మండిపోయింది. "నిన్న రాత్రి యాడ పన్నవ్?"

"ఇంట్లనే. మీ అక్క నాకు గురక ఎక్కువైందని మంచం ఎనుక అర్రల ఏసుకున్నది. నా నసీబ్ మంచిది."

"అక్కకు చెప్పినవా?"

ఆయన ఒళ్లోని చేపల పొట్టు దులుపుకున్నాడు.

"నాలుగు ఉడుకుల కొమ్మూ! నిన్నే అడిగేది!"

"ఎట్ల చెప్పాల్రా? ఆమెకు సూది వద్దని చెప్పిన నోటితోని?" అన్నాడు బావ. "జొరం లేదు, దగ్గు లేదు. జర సలి చేసిందనుకున్న. రేపటి తొలి కుప్ప ఒక్కటి గడిస్తే చాలు. ముక్కు పోయిందని తెలిస్తే సేటు ఇంకో మనిషిని చూసుకుంటడు. విరుపు చప్పుడును బట్టి రేపు ఎట్లనో ఎళ్లదీస్త."

నేను ఆ మాట విని ఊరుకోవలసింది కాదు. ఊరుకున్నాను. రేపు మధ్యాహ్నం దాకా టైం ఇచ్చాను. అప్పటిదాకా ఇంటికి మాత్రం పోనివ్వనన్నాను. అక్కకు ఫోన్ చేసి "తొలి కుప్ప పని మస్తున్నది, బావ దుకాణంలనే పంటడు" అని అబద్ధం చెప్పాను. అక్క "మంచిది" అని ఫోన్ పెట్టేసింది. ఇది రెండోది.

శనివారం పొద్దున దుకాణం ముందు జనం పోటెత్తారు. తొలి కుప్ప నందిపేట్ దిక్కు రైతు భూమయ్యది. కొత్త పసుపుకు బొట్టు పెట్టడానికి తల్లి సాయవ్వను కూడా తీసుకొచ్చాడు. ఆమెకు డెబ్బై అయిదు పైమాటే. ఆటో దిగి నాలుగు అడుగులు వేసే సరికి రొప్పు వచ్చింది. బావ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పిడికెడు పసుపు బావ తర్వాత ఆమె చేతికే పోవాలి.

బావ కొమ్ము విరిచాడు. చప్పుడు ఖణేల్ మంది. నేను నయమే, ఎళ్లదీస్తాడు అనుకున్నాను. ఆయన పిడికిలి ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు. ఊపిరి పీల్చి, ఆ పిడికెడు మీదే మెల్లగా వదిలాడు. కండ్లు తెరిచే సరికి సాయవ్వ చేయి చాపి ఉంది. ఆమె ఇంకా రొప్పుతూనే ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. ఆక్సిజన్ పెట్టక ముందు రోజు మా అక్కకు సరిగ్గా అలాగే గుంట పడింది. నాకు యాదికుంది. బావకు యాదికి రాకుండా ఉంటుందా?

చేయి చాపిన ముసలామె అట్లనే ఉంది. బావ పిడికిలి విప్పలేదు.

"ఇయ్యి కొడుకా" అంది సాయవ్వ.

బావ మూడడుగులు వెనక్కి వేశాడు. పిడికిట్లోని పసుపును దూరంగా విసిరేశాడు. "ఎవ్వలూ ముట్టకుండ్రి!" అని అరిచాడు. "నాకు వాసన వస్తలేదు. మూడు దినాలాయె. కరోన వచ్చింది నాకు!"

దేవయ్య సేటు తన వయసూ పొట్టా మరచిపోయి పసుపు బస్తాల మీదికి ఎక్కాడు. దూరాన్నుంచి వచ్చిన వ్యాపారి చెప్పులు వదిలేసి కారెక్కాడు. చాయ్ హోటల్ బెంచీ నుంచి వచ్చిన మూడు ఉడుకులవాళ్లందరూ జేబుల్లో మాస్కులు వెతుక్కున్నారు, ఒకాయనకు గ్రీజు పూసిన మాస్కు దొరికితే అదే కట్టుకున్నాడు. ఎవరో గేటు దగ్గర నుంచి "నాలుగు ఉడుకుల కొమ్ము మొలిచిందిరో!" అని కేక వేశారు. భూమయ్య తల్లిని కుర్చీతో సహా ఎత్తుకొని రోడ్డు అవతలకు పరుగెత్తాడు. ఎరువుల దుకాణం పోచన్న ఒక్కడే, ఇక్కడ కూడా దూరంగా వేసిన స్టూలు మీద నింపాదిగా కూర్చున్నాడు. పదిహేను రోజులుగా ఆయనను ఎవరూ దగ్గరికి రానివ్వలేదు కదా.

లిదియా వచ్చి గేటు దగ్గరే పరీక్షలు చేసింది. బావకు వచ్చింది. నాకు వచ్చింది. దేవయ్య సేటుకు, ఇద్దరు హమాలీలకు వచ్చింది. ఉడికిన కొమ్ములన్నీ వరుసగా మొలిచాయి. పచ్చి కొమ్ము పోచన్నకు రాలేదు. లిదియా ఆయనను గదిమింది, "దూరం కూసున్నందుకు బతికినవ్, సూది ఏసుకోనందుకు గాదు" అని అక్కడికక్కడే రెండోది వేసింది.

బావ, నేను ఇంటి ముందుకు పోయి రోడ్డు మీదే నిలబడ్డాము. ఆయన గొంతెత్తి, "భాగ్యా! బయటికి రాకు! నాకు మల్లొచ్చింది!" అని అరిచాడు. అక్క కిటికీ దగ్గరికి వచ్చింది. ముఖానికి అప్పటికే మాస్కు ఉంది. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. రెండు దుప్పట్లు, బావ గోళీల డబ్బా, ఒక గిన్నె మూటగట్టి అరుగు మీద పెట్టి ఉన్నాయి. "తీస్కపోండ్రి" అని కిటికీ వేసేసింది.

మేమిద్దరమూ దేవయ్య సేటుతో పాటు ఆయన పాత రేకుల గోదాంలో పడ్డాము. చుట్టూ పసుపు బస్తాలు. బావ ఒక్కో బస్తా దగ్గర ముక్కు పెట్టి వచ్చి, ఏమీ తెలియక మళ్లీ పడుకునేవాడు. నాకు గొంతు నొప్పి, సేటుకు దగ్గు. మూడు రోజులకు తేరుకున్నాము. అప్పుడే లిదియా ఫోన్ చేసి అక్కకు జ్వరం వచ్చిందని, పరీక్షలో తేలిందని చెప్పింది.

బావ కింద కూర్చుండిపోయాడు. తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు మా బతుకంతా ఒక అంకె చుట్టూ తిరిగింది. అక్క వేలికి పెట్టిన మిషన్ ఏం చెప్తోందో లిదియా పొద్దునా, పగలూ, సాయంత్రమూ ఫోన్‌లో చెప్పేది. తొంభై ఆరు. తొంభై అయిదు. గురువారం పొద్దున తొంభై రెండు. బావ పసుపు బస్తాకు తల కొట్టుకున్నాడు. లిదియా అంబులెన్సుకు చెప్పి ఉంచి, అక్కను బోర్లా పడుకోబెట్టి పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి తొంభై నాలుగు వచ్చింది. సాయంత్రానికి తొంభై అయిదు. శుక్రవారం జ్వరం దిగింది.

"బిడ్డా, ఈసారి గింత అల్కగ ఎట్ల పోయింది?" అని బావ ఫోన్‌లో అడిగాడు.

"నువ్వు దుకాణంల సూది వద్దన్న దినమే చిన్నమ్మ సూది ఏయించుకున్నది కాకా" అంది లిదియా. "దర్వాజ కాడోడు ఆపలేదు గని, ఇంట్లోళ్లు పట్టుకున్నరు."

బావ ఫోన్ నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంకో మూడు వారాలు గడిచాయి. దేవయ్య సేటు ఇంకో ముక్కును వెతకలేదు, దొరికితే కదా. తొలి కుప్ప సంగతి మాత్రం ఊరంతా వేరేగా చెప్పుకున్నారు. గంగాదాస్ తన బువ్వ పోయినా సరే మందిని కాపాడాడన్నారు. భూమయ్య ఇంటికి వచ్చి శాలువా కప్పాడు. బావ ఆ శాలువాను రోజూ బయటికి కప్పుకొని పోయేవాడు. నేను కూడా కొంచెం గర్వపడ్డాను.

ఒక సాయంత్రం నేనూ ఆయనా ఇంటికి వస్తున్నాము. గల్లీ మలుపు దగ్గర బావ టక్కున ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. కండ్లలో నీళ్లు తిరిగాయి. "లింబాద్రీ! పాలు మాడుతున్నయ్‌రా!" అని నా భుజం కుదిపి, అరవై నాలుగేండ్ల మనిషి గల్లీ అంతా ఉరికాడు. "భాగ్యా! పాలు మాడబెట్టినవే! మాడబెట్టినవే!" అని పండుగలా అరుస్తూ ఇంట్లోకి దూరాడు.

అక్క మాడిన పాలను గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది. "గా దినం గూడ మాడబెట్టిన" అంది.

"ఏ దినం?"

"నీ ముక్కు పోయిన దినం. పొద్దుగాల పాలు మాడినయ్. నువ్వు అరవలే. రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకొని పోయినవ్. నలభై ఏండ్లల్ల గట్ల ఎన్నడు తాగినవ్? నాకు అప్పుడే ఎరుకైంది. మంచం ఎనుకకు ఏసుకున్న."

బావ శాలువా భుజం మీంచి జారింది. "మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన." అక్క గొంతు పెంచలేదు. "రెండు దినాలు చూసిన. శనివారం దుకాణంల గంత మందిల చెప్పినవంట. ఊరు ఊరంత మెచ్చుకుంటున్నది. నాకు ఆఖరుకు చెప్పినవ్, గది గూడ రోడ్డు మీద నిలబడి. ఊపిరి పోయేటిది నాదైతే, ముందు ఎరుకైంది ఊరికి." తర్వాత నా వైపు చూసింది. "నువ్వు గూడ ఫోన్‌ల అబద్ధం చెప్పినవ్ రా తమ్మీ. నేను మంచిది అన్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాననడం చిన్న మాట. బావ శాలువా మడిచి పక్కన పెట్టాడు. తర్వాత పీట మీద కూర్చొని గ్లాసు అందుకున్నాడు. మాడు వాసనకు ముక్కుపుటాలు అదురుతుంటే, ఒక్క మాట అనకుండా ఆ పాలు అడుగు దాకా తాగాడు.